నర్సన్న ఆర్పని కర్పూరం

ముందుగా ఆ లక్ష్మీనరసింహునికి దండాలు. మనిషికి చేతులిచ్చినవాడు స్వామి, చేతులకు పని ఇచ్చినవాడు స్వామి, చేసిన పని గురించి చెప్పుకోవడానికి నోరిచ్చినవాడూ స్వామే. ఆయన దయను పొగడటానికి కావలసిన మాటలు నాకు చిన్నప్పుడే నేర్పారు. దంతాలపల్లిలో మా బాపు భజన బృందంలో తాళం వేసేవాడు. నేను అక్షరాలు కూడబలుక్కున్నది బడి పుస్తకంలో కాదు, బాపు ఒళ్లో కూర్చొని పారాయణ గ్రంథంలో. స్వామి కరుణించినప్పుడు ఎలా పొగడాలో అక్కడే తెలిసింది. ఊరుకున్నప్పుడు ఎలా పొగడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అయినా పొగుడుతున్నాను. ఇప్పుడు చెప్పబోయేది చేదు మాట. చేదు తగిలే ముందు నాలుకకు ఆయన పేరు తగలాలి.

మొన్న కేసముద్రం అవతల ఒక పత్తిచేను గట్టు మీద పాట షూటింగు జరిగింది. మహబూబాబాద్‌లో నాది కెమెరా సామాను కిరాయికిచ్చే దుకాణం. సామానుతో పాటు నేనూ వెళ్లాను. కెమెరామన్ ఏదో సర్దుకుంటూ కెమెరా కింది రాడ్ల మీద ఉన్న బిగింపు దిమ్మెను వెనక్కి జరిపాడు. మడత విప్పని కొత్త చీరను నెమ్మదిగా విప్పినట్టు ఒక మెత్తటి చప్పుడు వచ్చింది. దిమ్మె రంధ్రం వదులుగా ఉంటే గలగలమంటుంది, బిగువైతే కీచుమంటుంది. సరిగ్గా ఉంటే ఇలా పలుకుతుంది. ఆ దిమ్మె నర్సన్న చేసింది. ఎండలో, జనం మధ్యలో, స్పీకర్లో పాట మోగుతుండగా నాకు ఆ ఒక్క చప్పుడే వినిపించింది. గట్టు దిగి చేనులోకి కొంత దూరం నడిచి, కళ్లు తుడుచుకొని వచ్చాను.

ఆయన్ను ఎరగనివారికి ముందు ఆయన పని చెప్పాలి. చిన్న సినిమాలు, పాటలు తీసేవాళ్ల కెమెరాలు అరచేతిలో పట్టేంత ఉంటాయి. వాటిని స్థిరంగా పట్టుకోవడానికి కింద రెండు రాడ్లు పక్కపక్కన అమర్చి, వాటి మీద కెమెరాను, చేతి పిడులను, మిగతా సామానును బిగిస్తారు. దాన్ని రిగ్ అంటారు. కొత్త లెన్సులు కొనలేనివాళ్లు మూతపడ్డ ఫొటో స్టూడియోల్లో దొరికే పాత లెన్సులు తెస్తారు. అవి ఇప్పటి కెమెరా మూతికి సరిపోవు. మధ్యలో ఒక ఉంగరం వేయాలి, అది అడాప్టర్. పాత లెన్సులు బరువు. ఆ బరువంతా ఉంగరం మీద వేలాడకుండా లెన్సు కింద రాడ్ల నుంచి ఒక చిన్న ఆధారం నిలబెట్టాలి. నర్సన్నకు ఈ ఇంగ్లీషు పేర్లు గిట్టేవి కావు. మొదటిసారి ఒకరు రిగ్ తెచ్చి చూపిస్తే, "గిదేందిరా, ఎడ్లబండి నొగల లెక్కున్నది" అన్నాడట. అప్పటి నుంచి ఆయన దుకాణంలో రాడ్లు నొగలయ్యాయి, అడాప్టర్ కడెమయింది, కింది ఆధారం కాలు అయింది. ఇప్పటికీ నా నోటికి అవే వస్తాయి.

జనగామ స్టేషన్ వెనక ఆయన లేత్ దుకాణం. పెళ్లయి జనగామ వచ్చిన కొత్తలో నేను ఆయన్ను చూసింది మాత్రం శనివారం సాయంత్రపు భజనలో. మొదట నాకు నచ్చలేదు. గొంతు మంచిది, ఆ సంగతి ఆయనకు మరీ బాగా తెలుసు. ఎవరు తాళం తప్పినా పాట మధ్యలోనే చెయ్యెత్తి ఆపేవాడు. భజన మందిరానికి పెద్ద రామచంద్రం సారు, రిటైరైన బడిపంతులు. ఆయన్ను కూడా వదిలేవాడు కాదు. "ఏంది సార్, తాళం ఏస్తున్నవా, పెసర్లు దంచుతున్నవా?" అనేవాడు. అందరూ నవ్వేవారు. సారూ నవ్వేవారు, నవ్వుతూనే తాళాలు కింద పెట్టేసేవారు. మనుషులు ఇలాంటివి మరిచిపోరని నర్సన్నకు ఎప్పుడూ తట్టలేదు.

నేను ఐటీఐలో ఫిట్టర్ చదివాను. ఆడపిల్లకు ఆ పని ఎవరూ ఇవ్వక, ఆ సర్టిఫికెట్ పెట్టెలో బట్టల అడుగున ఉండిపోయింది. ఈ సంగతి నర్సన్న భార్య కౌసల్యక్క ఆయన చెవిన వేసింది. ఒక శనివారం మందిరం ముందు చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి పిలిచాడు.

"చెల్లె, నువ్వు ఫిట్టర్ సదివినవట గదా?"

"సదివిన అన్నా. ఎవ్వలు పని ఇయ్యలే."

"మర కోసుడు వచ్చా?"

"వచ్చు."

"అడిగితె అందరు వచ్చనే అంటరు. సోమారం రా. సామాను ఇరగ్గొడితె ఇంటికి తోల్త."

వెళ్లిన వారంలోనే ఒక దిమ్మెలో మర కోస్తుండగా పనిముట్టు విరిగింది. ఇంటికి తోలుతాడనుకున్నాను. విరిగిన ముక్కను నా అరచేతిలో పెట్టి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇదెందుకు ఇరిగింది?"

"ఇనుము మంచిది గాదేమో అన్నా."

"నీకెట్ల ఎర్క? దాని లోపటికి పోయి చూసొచ్చినవా?"

"లేదు."

"మరి చూసింది చెప్పు."

"నూనె ఎయ్యలే. ఒక్కపారే తిప్పిన."

"ఆఁ. గది నీ చేతి ముచ్చట. నీ చెయ్యి ఏం చేసిందో గదొక్కటే నీకు ఎర్కుంటది. మిగిలింది స్వామికి ఇడిసిపెట్టు."

అప్పుడు అది పని నేర్పే మాట అనుకున్నాను. ఆయన బతుకంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉందని, ఆ మాటే ఆయన్ను కూలదోస్తుందని తెలియదు.

కడెం చేయడం అన్నిటికన్నా కష్టం. దాని మందం వెంట్రుకంత ఎక్కువైనా దూరపు వస్తువు ఎంత తిప్పినా తేటగా కనపడదు. కొలిచే పరికరాలు ఉండేవి, అయినా నర్సన్న చివరి మాట వాటికి ఇచ్చేవాడు కాదు. కడెం బిగించిన కెమెరాను గుమ్మంలో పెట్టి, పట్టాల అవతల దూరంగా ఉన్న సెల్ టవర్ వైపు తిప్పేవాడు. "టవర్ మీది కాకి కండ్లు గనవడ్తున్నయా?" అని అడిగేవాడు. కాకి ఉందో లేదో కూడా తెలియనంత దూరం అది. "కాకే లేదన్నా" అంటే, "లేదని ఎర్కయితున్నది గదా, అయితె కడెం మంచిగొచ్చినట్టే" అని నవ్వేవాడు. ఆయన నవ్వడం అరుదు. పనికి మెచ్చుకోవడం ఇంకా అరుదు. నేను చేసిన కడెం బాగుంటే ఏమీ అనకుండా పాత బనియన్ గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టేవాడు, అంతే. ఆ తుడవడం కోసం నేను మధ్యాహ్నం తిండి మరిచిపోయి ఆకురాయి పట్టిన రోజులున్నాయి.

నొగలను పరీక్షించే పద్ధతి మాత్రం లోకంలో ఇంకెక్కడా ఉండదేమో. శనివారం సాయంత్రం కొత్తగా చేసిన రిగ్‌ను మందిరానికి తెచ్చేవాడు. మూలన ఉన్న కిటికీ చువ్వలకు ఒక చివర బిగించి, రెండో చివర వడ్ల సంచి వేలాడదీసేవాడు. నొగ కొన గోడ మీద ఎక్కడుందో పెన్సిలుతో గీత గీసేవాడు. మొదటి కీర్తన నుంచి మంగళహారతి దాకా సంచి అలాగే వేలాడేది. హారతి కళ్లకద్దుకున్నాక వెళ్లి చూసేవాడు. కొన గీత దిగిందా, ఆ నొగ మళ్లీ తుక్కులోకి. గీత మీదే ఉందా, అది దుకాణం దాటుతుంది. ముసలమ్మలు నవ్వేవారు. "నర్సూ, స్వామికి వడ్ల సంచి మొక్కినవా? ఇంటికి తీస్కపోతున్నవేంది మల్ల?" అనేవారు. ఆయన మందిరంలోనే ఎందుకు పెట్టేవాడంటే, అంతసేపు కదలకుండా ఆయన కూర్చునే చోటు అదొక్కటే. దుకాణంలో అయితే మధ్యలో లేచి ముట్టుకుంటాడు. అంతకు మించి అందులో మహిమ ఏమీ లేదు.

కానీ మహిమ అంటగట్టేవాళ్లకు కొదవ లేదు. రామచంద్రం సారు ఒక పండుగ రోజు ప్రసంగంలో, "మన మందిరంల స్వామివారి సమ్ముఖంల పరీక్ష అయినంకనే నర్సు చేసిన సామాను బయటికి పోతది" అన్నారు. ఆ మాటను ఫోన్లో తీసి అందరికీ పంపింది శ్రీకాంత్.

శ్రీకాంత్‌ది భూపాలపల్లి జిల్లా చిట్యాల. పెళ్లి వీడియోలు, జానపద పాటలు తీస్తూ తన సొంత సినిమా ఒకటి తీయాలని తిరిగేవాడు. మాటకారి. "దేవుడు పరీక్ష చేసిన రిగ్గులు" అని ఆ వీడియోకు పేరు పెట్టాడు. వరంగల్ నుంచి, కరీంనగర్ నుంచి జనం రావడం మొదలైంది. నర్సన్న సంతోషించలేదు.

"ఎవడు చెప్పిండ్రా నీకు, దేవుడు పరీక్ష చేసిండని?"

"సారే చెప్పిండు గదన్నా."

"సంచి నేను ఏలాడదీసిన. గీత నేను గీసిన. చూసింది నేను. స్వామి నొగలు చూస్కుంట కూసుంటడారా, పని లేక?"

"నీకు గిరాకైతే వచ్చింది గదా. గట్లనే ఉండనియ్యి అన్నా."

ఉండనిచ్చాడు. గిరాకీ వచ్చిందని కాదు, శ్రీకాంత్ మీద ఇష్టం వల్ల. ఒకరోజు దుకాణంలో టీ తాగుతూ ఆ పిల్లవాడు అన్న మాట నర్సన్నను పట్టేసింది. "అన్నా, మన మాట సినిమాల ఎవనికి పెడ్తరు? రౌడీకి, లేకుంటె నవ్వులాటోనికి. నా సినిమల మా అవ్వ మాట్లాడినట్టే మాట్లాడ్తరు. ఏడ్చేటోళ్లు గూడ గదే మాటల ఏడుస్తరు."  ఆ సినిమా కోసం నర్సన్న తన చేత్తో కొత్త సెట్టు మొదలుపెట్టాడు. శ్రీకాంత్ దగ్గర హైదరాబాదు పాత బజారులో సంపాదించిన ఒక పెద్ద లెన్సు ఉండేది, ఇత్తడి చెంబంత బరువు. దానికి కడెం ఆయన తిప్పాడు, కాలు నేను చేశాను. డబ్బాలో సర్దేటప్పుడు కాలును నూనె కాగితంలో చుట్టి పెట్టాను. నర్సన్న ఆ కాగితం మీద వేలుతో కొట్టి చెప్పాడు. "శ్రీకాంతూ, గిది ఇడిసిపెట్టి లెన్సు ఎక్కియ్యకు. కడెం పట్టుకుంటది గని, మొయ్యది." శ్రీకాంత్ తలూపాడు. ముగ్గురం ఉన్నాం అక్కడ.

మిరప ఏరే రోజుల్లో చిట్యాల దగ్గర షూటింగు మొదలైంది. కొన్నాళ్లకు కబురొచ్చింది. మిరపతోటలో కెమెరాను ఎత్తున పట్టుకొని కిందికి చూస్తూ తీస్తుండగా లెన్సు ఊడి, కింద కాయలేరుతున్న ఐలవ్వ చేతి మీద పడింది. మణికట్టు విరిగింది. ఐలవ్వ నటి కాదు, ఆ ఊరి కూలిమనిషే. సినిమాలో తనలాగే కాయలేరమంటే ఒప్పుకున్న మనిషి. కడెం ముక్కలైందని, నర్సన్న పనితనం ఇదని అప్పటికే ఫోన్లలో తిరుగుతోంది.

నర్సన్న, నేను బస్సెక్కి ముందు దవాఖానకు వెళ్లాం. ఐలవ్వ చేతికి పిండికట్టు. మమ్మల్ని తిట్టలేదు. "తప్పు నీదో, ఆ పిలగానిదో నాకేమెర్క నాయినా? మిరపకాయ ఎట్ల ఏరాలె చెప్పు. ఎడమ చెయ్యితోని ఏరుడు రాదు" అంది. నర్సన్న ఆమె మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. తల ఎత్తలేదు. బయటికి వచ్చాక, అక్కడ నిలబడి ఉన్న శ్రీకాంత్‌ను సామాను చూపించమన్నాడు. డబ్బా నేను తెరిచాను. కాలు నేను చుట్టిన నూనె కాగితంలో, నేను వేసిన ముడితోనే ఉంది. నర్సన్న నొగలను ఎండకేసి తిప్పి చూశాడు. కెమెరా బిగించిన చోట గీతలున్నాయి. కాలు బిగించవలసిన చోట కొత్త నొగ నున్నగా మెరుస్తోంది.

"కాలు పెట్టలేదు గదా శ్రీకాంతూ?"

"పెట్టినమన్నా. మల్ల ఇప్పినం."

"ఇప్పి కాయితంల సుట్టి ముడి గూడ ఏసిండ్రా?" నేను ఉండబట్టలేక అన్నాను.

శ్రీకాంత్ నా వైపు చూడలేదు. నర్సన్న చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, తప్పు నాదని తెలిస్తె ఊరోళ్లు షూటింగు సాగనియ్యరు. సినిమ ఈడ్నే సస్తది. నీకు దుకాణమున్నది, పేరున్నది. నాకు గిదొక్కటే."

నర్సన్న చెయ్యి విడిపించుకున్నాడు. ఇద్దరం జనగామ బస్సెక్కాం.

తర్వాతి శనివారం శ్రీకాంత్ తన ఊరి పెద్దలిద్దరితో మందిరానికి వచ్చాడు. రామచంద్రం సారే పిలిపించారు. దేవుడు పరీక్ష చేసిన సామాను మనిషి చెయ్యి విరగ్గొట్టిందంటే మందిరం పేరు పోతుందని ఆయన బాధ. మా దగ్గర ఇలాంటి తగువు తెగనప్పుడు ఒక పద్ధతి ఉంది. స్వామి ముందు పళ్లెంలో కర్పూరం వెలిగించి, "నాలో తప్పు లేదు" అని చెబుతూ అరచేత్తో ఆర్పేయాలి. ఆర్పినవాడి మాట నిజమైనట్టు. అబద్ధమైతే స్వామి చూసుకుంటాడు. దానితో తగువు ముగుస్తుంది, పైన ఎవరూ మాట్లాడరు. హారతి అయ్యాక సారు కర్పూరం వెలిగించారు.

"నర్సూ, నీ పనిల ఏ లోపం లేదని చెప్పి ఆర్పు. ఈడికి ముచ్చట ఒడుస్తది."

మందిరమంతా ఎదురుచూస్తోంది. ఆయన ఆర్పుతాడని నాకు నమ్మకం. ఆర్పాలి కూడా, తప్పు ఆయనది కాదు కాబట్టి.

"సార్, కాలు పెట్టిన గీత నొగ మీద లేదు. గది నేను చూసిన, చెప్త. కడెం నేనే తిప్పిన, కొలతకు తిప్పిన, గది గూడ చెప్త. కడెం లోపట మొదాలే సన్న పగులు లేకుండెనా అంటె, నాకెర్క లేదు. కొన్నది తుక్కు బజార్ల. అల్యూమినియం లోపటికి నేను పోలే. ఏ లోపం లేదని స్వామి మొకం మీద చెప్ప."

"అంటె లోపం ఉన్నదంటవా?"

"ఉన్నదనలే. ఎర్క లేదంటున్న."

"గింత పట్టింపు ఎందుకయ్యా? అందరి తాళాలు సరిచేస్తవు, నీ మాట చెప్పనీకి దైర్నం లేదా?" సారు గొంతులో పాత పెసర్లన్నీ ఉన్నాయి.

వెనక నుంచి ఎవరో, "దొంగకు కర్పూరం సెగ ముందే తగుల్తది" అన్నారు. నేను లేచాను. డబ్బాలో కాగితం చుట్టి ఉన్న కాలు గురించి చెప్పాను. "నీకు జీతమిచ్చేది ఆయ్ననే గదా బిడ్డా" అన్నారు సారు. "అయితె నేనే ఆర్పుత కర్పూరం" అని ముందుకు నడిచాను. నర్సన్న నా మణికట్టు పట్టుకున్నాడు. నొప్పి పుట్టేంత గట్టిగా.

"నువ్వు డబ్బ చూసినవు. తోటల ఏం జరిగిందో చూసినవా చెల్లె?"

"చూడలే. గని ఎర్కే గదన్నా!"

"చూడంది చూసిన్నని స్వామికి చెప్తవా? కూసో."

కూర్చున్నాను. అప్పుడు శ్రీకాంత్ వచ్చాడు. గబగబా వచ్చి, "సామాను ఎట్లిచ్చిండో అట్లనే వాడిన, నాల తప్పు లేదు" అని అరచేత్తో కర్పూరం ఆర్పేశాడు. పొగ లేచింది. "గోవిందా" అన్నారు అందరూ. నేను అనలేదు. నర్సన్న అన్నాడు. స్వామి పేరు ఎవరు పలికినా బదులు పలకడం ఆయనకు అలవాటు.

ఆ రోజు గురించి ఎన్నోసార్లు ఆలోచించాను. ఆయన చేసింది ధర్మమని నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి నేను చదివిన గ్రంథాలన్నీ సత్యమే స్వామి స్వరూపమని చెప్పాయి. అయినా ఆయన మీద కోపం పోలేదు. ఒక్క మాట. అబద్ధం కూడా కాదు, కాస్త ముందుకు చాచిన నిజం. అది చెప్పి ఉంటే ఇల్లు నిలబడేది. తన మాటను అంత శుభ్రంగా ఉంచుకోవడానికి కౌసల్యక్కను, నన్ను, దుకాణాన్ని పణంగా పెట్టే హక్కు ఆయనకు ఎవరిచ్చారు? ఈ ప్రశ్న ఆయన బతికి ఉండగా ఒకసారి అడిగాను. "నిన్ను ఎవలాపిండ్రు చెల్లె? ఇంకో దుకాణంల చేరు" అన్నాడు. కఠినంగానే అన్నాడు. నేను చేరలేదు.

మొదట వడ్ల సంచి వద్దన్నారు. తర్వాత ఆయన పాట ఎత్తుకుంటే అందుకునేవాళ్లు లేకుండా పోయారు. ఒక శనివారం సారు మెల్లగా, "కొన్నాళ్లు నువ్వు రాకుంటెనే మంచిగుంటది నర్సూ" అన్నారు. నర్సన్న రావడం మానలేదు. లోపలికి వెళ్లడం మానేశాడు. చెప్పులు విడిచే చోట గోడకు ఆనుకొని కూర్చొని, లోపల పాడే ప్రతి చరణానికీ గొంతులోనే బదులు పాడేవాడు. తాళం తప్పినప్పుడు ఆయన చెయ్యి తనకు తెలియకుండానే లేచేది. మళ్లీ ఒళ్లో పడేది. సినిమా పిల్లలు రావడం ఆగిపోయింది. మోటార్లకు, ట్రాక్టర్లకు బుష్షులు తిప్పుకుంటూ గడిపాడు. కొలత మాత్రం ఎప్పుడూ తప్పలేదు, కాని టవర్ వైపు చూడటానికి కెమెరా లేదు. "దేవుడు చూడకపోతడా అక్కా" అని ఒకసారి కౌసల్యక్కతో అన్నాను. ఆమె బియ్యం చెరుగుతూ తలెత్తలేదు. "చూసిండు. చూసుకుంట కూసున్నడు" అంది.

శ్రీకాంత్ సినిమా పూర్తయింది. మహబూబాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో వేస్తే చూశాను. మొదట్లోనే లక్ష్మీనరసింహస్వామి పాదాలకు కృతజ్ఞతలని అక్షరాలు పడ్డాయి. సినిమా బాగా లేకపోతే నాకు ఎంత బాగుండేదో. బాగుంది. మనుషులు మా మాటల్లోనే ఏడ్చారు, నా పక్కన కూర్చున్నవాళ్లూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. మిరపతోట దృశ్యం ఉంది. దాంట్లో ఐలవ్వ లేదు, వేరెవరో ఉన్నారు. ఇంకో దృశ్యంలో దూరపు గుట్ట తేటగా, ఒక్కో చెట్టూ లెక్కపెట్టేంత తేటగా కనిపించింది. కడెం విరగక ముందు, తొలి రోజుల్లో తీసింది అది. ఆ కడెం నుంచి వచ్చింది.

నర్సన్న ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. శవం లేచేటప్పుడు భజన బృందం ముందు నడుస్తూ పాడటం ఆనవాయితీ. రామచంద్రం సారు తాళాలు పట్టుకొని బృందంతో వచ్చారు. వాకిట్లో అడుగు పెట్టబోతుంటే కౌసల్యక్క లేచి అడ్డం నిలబడింది. 

"ఆయ్న చెప్పుల కాడ కూసోని పాడిండు సారూ. మీరు గూడ ఆడ్నే నిలబడి పాడుండ్రి."

కొందరు వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. కొందరు గేటు అవతల చెప్పుల మధ్య నిలబడి పాడారు. సారు వెళ్లిపోయినవాళ్లలో ఉన్నారు. తాళాలు మాత్రం అరుగు మీద పెట్టి వెళ్లారు. మరిచిపోయారో, కావాలని వదిలారో నాకు తెలియదు. తెలియనిదాన్ని చెప్పను.

లేత్ అమ్మి, మిగిలిన సెట్లు కౌసల్యక్క నాకిచ్చింది. మా ఆయన పని మహబూబాబాద్‌కు మారడంతో అక్కడే దుకాణం పెట్టాను. పోయిన ఏడాది శ్రీకాంత్ వచ్చాడు. ఇప్పుడు కారుంది, వెంట ఇద్దరు మనుషులున్నారు. వాళ్లను బయట ఉంచి ఒక్కడే లోపలికి వచ్చాడు. నర్సన్న చేసిన సెట్టు కావాలన్నాడు, కొత్తవాటికి ఆ నెమ్మది లేదట. కాసేపు కౌంటరు మీది ధూళిని వేలుతో గీస్తూ నిలబడ్డాడు.

"అక్కా, ఒక్క ముచ్చట. ఆ రోజు కర్పూరం ఆర్పినంక శానా రోజులు భయపడ్డ. కండ్లు పోతయనుకున్న. బండి మీద పోతుంటె లారీ వస్తదనుకున్న. ఏం గాలే. మంచిగనే ఉన్న."

"చూస్తున్న" అన్నాను.

"అంటె... స్వామి మాఫ్ చేసినట్టే గదక్కా?"

 నేను విన్న కథలన్నిటిలో అబద్ధపు ప్రమాణం చేసినవాడికి ఏదో ఒకటి జరిగి తీరుతుంది. మేం కర్పూరాన్ని నమ్మింది అందుకే. అతనికి ఏమీ జరగలేదు. నిజం చెప్పినవాడికే అన్నీ జరిగాయి. మాఫ్ చేయలేదనే మాట నోటి దాకా వచ్చింది. కానీ స్వామి లోపలికి నేను పోయి చూసిరాలేదు.

"నాకెర్క లేదు. ఐలవ్వనైతె అడుగు, ఆమె చెప్పగలుగుతది" అన్నాను. సెట్టు ఇచ్చాను. అతను ఐలవ్వ దగ్గరికి వెళ్లాడో లేదో నాకు తెలియదు.

ఇదీ నర్సన్న నాలో మిగిల్చిపోయింది. ఎవరు ఏది అడిగినా నా చెయ్యి చేరినంత వరకే చెబుతాను. దీనివల్ల గిరాకీ పోతుంది. చుట్టాల్లో మాట పడతాను, పెళ్లి సంబంధాల దగ్గర నన్ను సాక్ష్యానికి పిలవరు. మా అమ్మాయి, "జర మంచిగ చెప్తే ఏం పోతదమ్మా?" అని విసుక్కుంటుంది. ఇది వరమని నేను అనను. చాలా రోజులు శిక్షలాగే అనిపిస్తుంది. దించుకోవడం మాత్రం చేతకాదు. శనివారాలు ఇంట్లోనే దీపం పెట్టుకొని పాడుకుంటాను. స్వామి మీద భక్తి చెక్కు చెదరలేదు. ఆయన ముందు గుమిగూడే మనుషుల మీద నమ్మకం మాత్రం ఆ పొగతోనే పోయింది.

ఇంత దూరం చదివినవారు ఒక్క క్షణం నాతో పాటు చేతులు జోడించండి. నర్సన్న కోసం అక్కర్లేదు, ఆయన లెక్క స్వామికి తెలుసు. ఐలవ్వ చేతి కోసం మొక్కండి, వానాకాలంలో అది ఇంకా సలుపుతుందట. కౌసల్యక్క మళ్లీ ఒక్కసారి స్వామి పేరు పలకాలని మొక్కండి, ఆమె మానేసింది. శ్రీకాంత్ కోసం కూడా మొక్కాలని నాకు తెలుసు. నేర్చుకున్నదంతా అదే చెబుతోంది. దీపం ముందు కూర్చుంటాను, అతని పేరు నోటి దాకా తెచ్చుకుంటాను, అక్కడ ఆగిపోతుంది. ఆ ఒక్క ప్రార్థన నాకు ఇంకా రావడం లేదు. మీకు వస్తే నా బదులు మీరు ఎత్తుకోండి. నేను పక్కన కూర్చొని వింటాను.